నడవమని చెప్పాం సరే, ఆ మాట రోగికి ఎలా వినిపించింది?

పక్షవాతం వచ్చి తగ్గుముఖం పట్టినవారికీ, గుండెపోటు నుండి కోలుకుంటున్నవారికీ, మోకీలు మార్పిడి శస్త్రచికిత్స చేయించుకున్నవారికీ వైద్యులందరూ తప్పక చెప్పే మాట ఒకటి ఉన్నది: “రోజూ నడవండి, శరీరాన్ని కదిలించండి.” అల్లోపతి వైద్యుడు చెప్పినా, ఫిజియోథెరపిస్టు చెప్పినా, నావంటి ఆయుర్వేద వైద్యుడు చెప్పినా మాట ఒకటే. రోగి తల ఊపుతాడు. ఇంటికి వెళ్ళిన తరువాత కొందరు నడుస్తారు. మరికొందరు నాలుగు రోజులు నడిచి మానివేస్తారు. అప్పుడు మనం “రోగికి శ్రద్ధ లేదు” అని తేల్చివేస్తాం. చెప్పిన తీరులోనే లోపం ఉన్నదేమో అన్న ఆలోచన మనకు సాధారణంగా రాదు. ఆ లోపాన్ని కనిపెట్టడానికి మార్గం ఉన్నది. నాడిని చూసినట్లు, రక్తపోటును కొలిచినట్లు, మన సలహా రోగికి ఎలా అనుభవమైనదో కూడా కొలవవచ్చును. ఆ విషయాన్ని పాఠకులకు వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఒక మాస్టారి అనుభవం

కొన్నేళ్ళ క్రితం విశ్రాంత ఉపాధ్యాయులు ఒకరు నా వద్దకు వచ్చేవారు. కుడివైపు పక్షవాతం. ఆసుపత్రిలో ప్రాణాపాయం గడిచి, ఫిజియోథెరపీ కూడా పూర్తయి, చేతికర్ర సాయంతో నడవగలిగే స్థితిలో ఉన్నారు. ఆసుపత్రివారి మందులు యథావిధిగా వాడుకుంటూనే, అభ్యంగం, స్వేదనం కోసం వచ్చారు. “మాస్టారూ, తైలం మేము రాస్తాం, కాలు కదపవలసినది మాత్రం మీరే. ఉదయం, సాయంత్రం వీధి చివరిదాకా నడిచి రండి” అని చెప్పాను. “అలాగేనండీ” అన్నారు.

పదిహేను రోజుల తరువాత వచ్చినప్పుడు అడిగితే “నడుస్తున్నానండీ” అన్నారు. వెంట వచ్చిన కుమారుడు “ఎక్కడ నాన్నా, అసలు వరండా దిగితేనా?” అన్నాడు. నాకు కోపం వచ్చింది. నడవకపోతే కీళ్ళు బిగుసుకుపోతాయనీ, కండరాలు క్షీణిస్తాయనీ, రోగం మళ్ళీ తిరగబెట్టవచ్చుననీ, చదువుకున్న మీరే ఇలా చేస్తే ఎలాగనీ ఆ కుమారుని ఎదుటే గట్టిగా చెప్పాను. చెప్పినవాటిలో శాస్త్రానికి విరుద్ధమైన మాట ఒక్కటీ లేదు. ఆయన తల వంచుకొని విన్నారు. ఆ తరువాత రావడం మానివేశారు.

నాలుగైదు నెలలకు ఆయన భార్య తన మోకాలి నొప్పికి మందు కోసం వచ్చారు. “మాస్టారు ఎలా ఉన్నారమ్మా?” అని అడిగాను. “కుర్చీలోనే ఉంటున్నారండీ. వైద్యులుగారి దగ్గరికి వెళదాం రండి అంటే, పాఠం అప్పచెప్పలేని పిల్లాణ్ణి బెంచీ ఎక్కించినట్టుంది, నేను రాను అంటున్నారు” అన్నారు. ఇంకా రెండు విషయాలు చెప్పారు. ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చిన వారం రోజులకే ఆయన వీధి మెట్టు మీద జారిపడ్డారు. ఆ సంగతి భార్యకు తప్ప ఎవరికీ తెలియదు. రెండవది, నేను నడవమన్న ఆ వీధిలోనే ఆయన పనిచేసిన పాఠశాల ఉన్నది. దారిలో కనిపించిన పాత విద్యార్థులు చేతులు జోడించి నమస్కారం పెడతారు. తిరిగి నమస్కరించడానికి ఆయన కుడిచేయి లేవదు.

ఒక కారణం భయం, రెండవది అవమానభారం. రెండూ నేను అడిగి ఉంటే తెలిసేవి. నేను ఆయన ఎంత నడిచారో అడిగాను కానీ, నా మాట ఆయనకు ఎలా తగిలిందో అడగలేదు.

చరకుడు చెప్పిన నాలుగవ గుణం

చికిత్సకు నాలుగు పాదాలు: వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. చరక సంహిత సూత్రస్థానంలోని తొమ్మిదవ అధ్యాయం ఈ నాలుగింటిలో ఒక్కొక్కదానికి నాలుగేసి గుణాలు చెప్పింది. రోగికి ఉండవలసిన గుణాలు ఇవి: స్మృతి, అనగా జరిగినది గుర్తుంచుకోవడం, నిర్దేశకారిత్వం, అనగా వైద్యుడు చెప్పినట్లు చేయడం, అభీరుత్వం, అనగా ధైర్యం, జ్ఞాపకత్వం, అనగా తన స్థితిని తెలియజెప్పగలగడం.

మా వైద్యులకు ఈ నాలుగింటిలో మిక్కిలి ప్రియమైనది నిర్దేశకారిత్వం. గురుకులంలో ఈ అధ్యాయం వల్లెవేసే రోజుల్లో, రోగలక్షణాలను దాచకుండా చెప్పడమే జ్ఞాపకత్వమని నేర్చుకున్నాను. మాస్టారి భార్య మాటలు విన్న తరువాత నాకు మరొక భావం కూడా తోచింది. చికిత్స తనకు ఎలా అనుభవమవుతున్నదో చెప్పడం కూడా జ్ఞాపకత్వమే కావాలి. అయితే రోగి చెప్పాలంటే వైద్యుడు అడగాలి. దర్శనం, స్పర్శనం, ప్రశ్నం అనే మూడు పరీక్షలలో ప్రశ్నం రోగి శరీరాన్ని గురించి మాత్రమే కాక, మా చికిత్సా విధానాన్ని గురించి కూడా ఉండాలి.

వ్యాయామం విషయంలో ఇది మరీ ముఖ్యం. ఔషధం గొంతు దిగితే తన పని తాను చేస్తుంది. వ్యాయామం అలా కాదు. రోగి మనసు సహకరిస్తేనే కాలు కదులుతుంది. పైగా మన శాస్త్రం వ్యాయామానికి చెప్పిన కొలత “అర్ధశక్తి”, అనగా తన బలంలో సగం. నుదుట, ముక్కు మీద, చంకల్లో, కీళ్ళ వద్ద చెమట పట్టడం, నోరు ఎండడం, నోటితో ఊపిరి తీయవలసి రావడం దానికి గుర్తులని ఆయుర్వేద గ్రంథాలు వివరించాయి. ఈ గుర్తులు ముందుగా తెలిసేది రోగికే. ఏ ఇద్దరి అర్ధశక్తీ ఒకటి కాదు. శరీరాన్ని మరీ శ్రమపెట్టని నడకను, చంక్రమణాన్ని, ఆయువుకూ, బలానికీ, మేధకూ, జఠరాగ్నికీ మంచిదని సుశ్రుతుడు ప్రశంసించినప్పుడు కూడా “శ్రమపెట్టని” అన్న నియమం విడువలేదు. ఎంత నడిస్తే శ్రమ అన్నది రోగిని అడగకుండా తెలిసేది కాదు.

ప్రేరణ సంభాషణ అంటే ఏమిటి?

రోగిని ఆజ్ఞాపించకుండా, బెదిరించకుండా, అతని మనసులోనే ఉన్న కోరికను బయటికి తీసుకువచ్చే సంభాషణ పద్ధతి ఒకటి పాశ్చాత్య దేశాలలో రూపుదిద్దుకున్నది. మద్యపాన వ్యసనం ఉన్నవారితో పనిచేసిన అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు విలియం మిల్లర్ 1983లో దీనిని మొదట వివరించారు. ఆయన, స్టీఫెన్ రోల్నిక్ కలిసి 1991లో దీని మీద గ్రంథం ప్రచురించారు. తరువాత ఈ పద్ధతి మధుమేహం, స్థూలకాయం, గుండెజబ్బు, పునరావాస చికిత్స మొదలైన రంగాలకు విస్తరించింది. తెలుగులో దీనిని “ప్రేరణ సంభాషణ” అనుకుందాం.

దీనికి మూలమైన పరిశీలన మన ఇళ్ళలో రోజూ కనిపించేదే. “నడవాలనీ ఉంటుంది, నడవబుద్ధీ కాదు.” మనసు ఇలా ఊగిసలాడేటప్పుడు ఎదుటివారు “నడిచి తీరాలి” అని ఒకవైపు లాగితే, రోగి తనకు తెలియకుండానే రెండవ వైపు వాదిస్తాడు: “కాళ్ళు నొప్పులండీ, ఎండగా ఉన్నదండీ.” వాదించిన కొద్దీ ఆ మాటే అతనికి నిశ్చయమవుతుంది. అందువల్ల ఈ పద్ధతిలో వైద్యుడు నాలుగు పనులు చేస్తాడు. అవును, కాదు అని తేలిపోని విధంగా విశాలమైన ప్రశ్న అడుగుతాడు. రోగి చేసిన చిన్న ప్రయత్నాన్ని కూడా గుర్తిస్తాడు. అతడు చెప్పిన దాని భావాన్ని తిరిగి అతనికే వినిపిస్తాడు. చివరకు మాట్లాడుకున్నదంతా క్రోడీకరిస్తాడు.

ఉదాహరణకు, “రోజుకు అరగంట నడుస్తున్నారా, లేదా?” అన్నది తనిఖీ. “కాలు కొంచెం బలపడితే మీరు మొదట ఏ పని చేసుకోవాలని ఉన్నది?” అన్నది ప్రేరణ. రెండవ ప్రశ్నకు ఒకరు “నా స్నానం నేను చేసుకోవాలండీ” అంటారు. మరొకరు “మనవరాలి పెళ్ళికి నా కాళ్ళ మీద నేను వెళ్ళాలి” అంటారు. అక్కడి నుండి మొదలుపెడితే వ్యాయామం వైద్యుని ఆజ్ఞగా కాక రోగి సొంత కోరికగా మారుతుంది.

ఇది మనకు అన్యమైన భావన కాదు. దైవవ్యపాశ్రయం, యుక్తివ్యపాశ్రయం, సత్త్వావజయం అని చికిత్స మూడు విధాలు. అహితమైన విషయాల నుండి మనసును మళ్ళించేది సత్త్వావజయం. మానసిక దోషాలకు జ్ఞానం, విజ్ఞానం, ధైర్యం, స్మృతి, సమాధి చికిత్సా సాధనాలని చరకుడు చెప్పాడు. బెదిరింపు ఆ పట్టికలో లేదు.

లెక్కించేవి నాలుగు, మరచిపోయేది ఒకటి

సలహా ఇచ్చిన తరువాత నాలుగు విషయాలను పరిశీలించవచ్చును. ఒకటి, వైద్యుడు నిజంగా ఎలా మాట్లాడాడు; సంభాషణను రికార్డు చేసి, శిక్షణ పొందిన మూడవ వ్యక్తి విని దీనిని నిర్ణయిస్తాడు. రెండు, రోగి ఎంత కదిలాడు. అడుగులు లెక్కించే సాధనం దీనిని చెబుతుంది. మూడు, రోగి శక్తి ఎంత పెరిగింది. ఆరు నిమిషాలలో ఎంత దూరం నడవగలడో చూసే పరీక్ష వంటివి ఇందుకు ఉన్నవి. నాలుగు, ఆ సంభాషణ రోగికి ఎలా అనుభవమైనది. మొదటి మూడింటికీ సాధనాలు ఎక్కువ, గౌరవమూ ఎక్కువ. నాలుగవది తరచుగా మరుగున పడుతుంది.

అడుగుల లెక్క విషయమే చూడండి. నేడు చేతి గడియారాలు, ఫోనులు కూడా అడుగులు లెక్కిస్తున్నవి. రోజుకు 10 వేల అడుగులు అన్న సంఖ్య అందరి నోటా వినిపిస్తుంది. అది వైద్యశాస్త్రం నిర్ణయించిన సంఖ్య కాదు. 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల లెక్క యంత్రానికి పెట్టిన పేరు. “పదివేల అడుగుల మీటరు” అని దాని అర్థం. చేతికర్రతో వరండాలో నడిచేవారి ముందు ఈ సంఖ్యను ఉంచితే ప్రేరణ కలగదు, నిస్పృహ కలుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలలో పెద్దవారికి వారానికి 150 నుండి 300 నిమిషాల మధ్యస్థాయి శ్రమను సూచించింది. దీర్ఘకాలిక వ్యాధులు, అంగవైకల్యం ఉన్నవారికి కూడా ఆ సూచన చేస్తూనే, అంత చేయలేనివారికి ఏ కొంచెం కదలిక అయినా అసలు లేనిదానికంటె మేలని స్పష్టం చేసింది. ఈ రెండవ భాగం రోగికి చేరుతున్నదా, లేక మొదటి సంఖ్య మాత్రమే భయపెడుతున్నదా? యంత్రం దీనికి జవాబు చెప్పదు, రోగి చెప్పాలి.

ఈ నాలుగవ కొలతకు పరిశోధకులు ప్రశ్నావళులు తయారుచేశారు. అమెరికాలోని రాచెస్టర్ విశ్వవిద్యాలయంలో డెసి, రయన్, విలియమ్స్ మొదలైనవారి కృషి ఫలితంగా 1990లలో వచ్చిన “హెల్త్ కేర్ క్లైమేట్ క్వశ్చనేర్” వాటిలో ప్రసిద్ధమైనది. అందులో 15 వాక్యాలు ఉంటవి. 6 వాక్యాల సంక్షిప్త రూపం కూడా ఉన్నది. వైద్యుడు తనకు ఎంచుకునే అవకాశం ఇచ్చాడా, తన మాట విన్నాడా అన్న విషయాలకు రోగి 1 నుండి 7 వరకు అంకె వేస్తాడు. నెదర్లాండ్స్ దేశంలో 18 పునరావాస సంస్థలలో, 1,700 మందికి పైగా రోగులతో, ఆసుపత్రి విడిచిన తరువాత కూడా శరీర శ్రమ కొనసాగేలా ప్రేరణ సంభాషణ ద్వారా సలహాలు ఇచ్చే కార్యక్రమాన్ని దీర్ఘకాలం పరిశీలించారు. అంత పెద్ద కార్యక్రమంలో సలహాదారులందరూ ఒకే శిక్షణ పొందినా, ప్రతి రోగికీ ఒకే అనుభవం కలుగుతుందని అనుకోలేం. అందుకే రోగి వైపు నుండి కొలిచే సాధనం అవసరమవుతున్నది.

తృప్తి వేరు, అనుభవం వేరు

“మా వైద్యం మీకు తృప్తిగా ఉన్నదా?” అని అడిగితే మనవారు “దేవుడి దయ వల్ల బాగున్నదండీ” అంటారు. ఇది మర్యాద, కొలత కాదు. “మీరు నడవడానికి ఏ సమయం వీలవుతుందో వైద్యుడు అడిగారా?” అని ప్రశ్నిస్తే జవాబు జరిగిన సంఘటన మీద ఆధారపడుతుంది. మొదటిది తృప్తి, రెండవది అనుభవం. ఈ భేదం తెలియక నేనే ఒకసారి పొరబడ్డాను.

మాస్టారి సంగతి తెలిసిన తరువాత ఒక కాగితం మీద కొన్ని ప్రశ్నలు రాసి, వైద్యశాలలోనే రోగుల చేతికి ఇచ్చాను. నేను ఎదురుగా కూర్చున్నాను. అందరూ నాకు పూర్తి మార్కులు వేశారు. ఒక కిలోకు మించి తూచలేని త్రాసులో కిలోన్నర వేసినా, రెండు కిలోలు వేసినా ముల్లు ఒకచోటే నిలుస్తుంది. అందరికీ పూర్తి మార్కులు వచ్చే ప్రశ్నావళి కూడా అలాంటి త్రాసే. అది ఎవరినీ వేరుచేసి చూపదు.

ఆ తరువాత పద్ధతి మార్చాను. కాగితం ఇంటికి పంపాను. పేరు రాయవద్దన్నాను. తిరిగి తెచ్చి వేయడానికి వాకిట్లో ఒక పెట్టె ఉంచాను. చదవలేనివారికి, చికిత్సతో సంబంధం లేని వ్యక్తి చదివి వినిపించే ఏర్పాటు చేశాను. అప్పుడు నిజం కనిపించింది. “విషయం బాగా వివరించారు” అన్న వాక్యానికి మంచి మార్కులు, “నా ఇబ్బంది అడిగారు” అన్న వాక్యానికి తక్కువ మార్కులు వచ్చినవి. నేను మంచి ఉపన్యాసకుణ్ణి, మంచి శ్రోతను కాను అని నా రోగులే మర్యాదగా తెలియజేశారు.

మంచి కొలబద్ద ఎలా తయారవుతుంది?

ప్రశ్నలు వైద్యుని బుర్రలో పుట్టకూడదు. మొదట రోగులతో తీరికగా మాట్లాడి, సలహా ఏది సాయపడింది, ఏది నొప్పించింది అని తెలుసుకోవాలి. వారి మాటల నుండే వాక్యాలు తయారుచేయాలి. తరువాత కొద్దిమందికి ఆ వాక్యాలు చదివించి, “దీనిని మీరు ఏమని అర్థం చేసుకున్నారు?” అని అడగాలి. ఇది తప్పనిసరి. నా మొదటి కాగితంలో “మీ స్వయంనిర్ణయాధికారాన్ని వైద్యుడు గౌరవించారా?” అన్న ప్రశ్న ఉన్నది. ఒక పెద్దావిడ దానిని విని, “అధికారాలు మనకెందుకు నాయనా, మోకాలు తగ్గితే చాలు” అన్నది. ఆ ప్రశ్నను “ఎప్పుడు, ఎక్కడ నడవాలో మీ వీలు అడిగారా?” అని మార్చాను. “ఎవరూ అడగలేదు. పొద్దున పదింటి దాకా వంటింట్లోనే సరి, చీకటి పడ్డాక ఒక్కదాన్నీ బయటికి ఎలా వెళ్ళను?” అని వెంటనే చెప్పింది. మాట మారగానే సమాచారం వచ్చింది.

తరువాత మెట్టు, కొలత నిలకడగా ఉన్నదా అని చూడడం. రోగి అనుభవం మారనప్పుడు పదిరోజుల తేడాతో రెండుసార్లు అడిగినా జవాబు ఇంచుమించు ఒకటిగానే ఉండాలి. ఆ తరువాత మెట్టు, కొలవదలచినదానినే కొలుస్తున్నదా అని చూడడం. రోగి ఇచ్చిన మార్కులను, సంభాషణ రికార్డు విన్న పరిశీలకుని అంచనాతోనూ, రోగి ఉత్సాహంతోనూ పోల్చి చూస్తారు. ఇంగ్లీషు ప్రశ్నావళిని తెలుగు చేసేటప్పుడు, తెలుగు ప్రతిని వేరొకరి చేత తిరిగి ఇంగ్లీషులోకి రాయించి మూలంతో సరిచూస్తారు. ఇన్ని దాటినదే శాస్త్రీయమైన సాధనం.

పునరావాస రోగులలో మరొక చిక్కు ఉన్నది. పక్షవాతంలో కొందరికి మాట పడిపోతుంది, కొందరికి చదివినది అర్థం కాదు. అటువంటివారికి చిన్న వాక్యాలు, పెద్ద అక్షరాలు, నవ్వుముఖం నుండి ఏడుపుముఖం దాకా బొమ్మలు ఉపయోగించవచ్చును. రోగికి బదులు కొడుకో, కోడలో జవాబు చెబితే దానిని రోగి జవాబుగా లెక్కించరాదు, విడిగా గుర్తించాలి. మాస్టారి కుమారుడు చెప్పిన “వరండా దిగలేదు” అన్న మాట నిజమే. కానీ అందులో మెట్టు మీద పడిన సంగతి లేదు.

ఇంట్లో ఉపయోగించుకోదగిన ఏడు వాక్యాలు

ఇక్కడ ఇస్తున్నది పరిశోధనలో నిగ్గు తేలిన కొలబద్ద కాదు. రోగికీ, వైద్యునికీ, ఇంటివారికీ మధ్య మాట కలిపే సాధనం మాత్రమే. ప్రతి వాక్యానికి రోగి అసలు లేదు (0), కొంచెం (1), చాలావరకు (2), పూర్తిగా (3) అని గుర్తు పెట్టవలెను.

1. నా భయాలు, ఇబ్బందులు చెప్పుకోవడానికి నాకు సమయం ఇచ్చారు.
2. నేను చెప్పినది సరిగా అర్థం చేసుకున్నారు.
3. కదలిక పెరిగితే నేను ఏమి చేసుకోవాలనుకుంటున్నానో అడిగారు.
4. ఎంత, ఎప్పుడు, ఎక్కడ నడవాలో ఇద్దరం కలిసి నిర్ణయించాము.
5. చేయలేకపోయానని చెప్పడానికి నాకు జంకు కలగలేదు.
6. నేను చేసిన కొద్దిపాటి ప్రయత్నాన్నీ గుర్తించారు.
7. లేచి వచ్చేటప్పుడు “ఇది నేను చేయగలను” అనిపించింది.

చివర ఒక ఖాళీ గీత వదలండి: “నన్ను అడగనిది, నేను చెప్పాలనుకున్నది ఏదైనా ఉన్నదా?” ఒక్కొక్కసారి ఏడు వాక్యాలకంటె ఈ గీతే ఎక్కువ చెబుతుంది.

మొత్తం మార్కులు 21. అయితే మొత్తాన్ని చూసి సంతృప్తి పడరాదు. ఒక రోగి ఆరు వాక్యాలకు 2, ఒకదానికి 3 వేస్తే 15 వస్తుంది. మరొక రోగి అయిదు వాక్యాలకు 3 వేసి, అయిదవ, ఏడవ వాక్యాలకు సున్న వేసినా 15 వస్తుంది. మొత్తం ఒకటే, మనుషుల స్థితి వేరు. రెండవ రోగి వైద్యుణ్ణి గౌరవిస్తున్నాడు, కానీ భయపడుతున్నాడు. అతడు రేపు చెప్పకుండానే మానివేస్తాడు. కాబట్టి అన్నిటికంటె తక్కువ అంకె ఎక్కడ ఉన్నదో చూసి, తరువాతి సంభాషణ అక్కడి నుండి ప్రారంభించవలెను. మొదటి సలహా తరువాత ఒకసారి, నెలకు ఒకసారి, మూడు నెలలకు ఒకసారి అడిగితే మార్పు తెలుస్తుంది.

ఇంటివారు కూడా ఈ వాక్యాలను తమకు అన్వయించుకోవచ్చును. రోగికి వైద్యుడు నెలకొకసారి చెబుతాడు. భార్య, కొడుకు, కోడలు రోజూ చెబుతారు. “ఇవాళ కూడా నడవలేదా?” అన్న మాట రోజూ వినేవారికి ఎలా ఉంటుందో ఒక్కసారి అడిగి చూడండి.

కొన్ని జాగ్రత్తలు

సంభాషణ మంచిగా జరిగినంత మాత్రాన రోగి తప్పక నడుస్తాడని చెప్పలేం. దీర్ఘకాలిక వ్యాధులు ఉన్నవారిలో జరిగిన పరిశోధనలను క్రోడీకరించి 2014లో ప్రచురించిన ఒక సమీక్ష, ప్రేరణ సంభాషణ వల్ల శరీర శ్రమ కొద్దిగా పెరుగుతుందని తేల్చింది. కొద్దిగా అన్న మాటను దాచవలసిన పని లేదు. నొప్పి, నేల జారుడు, తోడు లేకపోవడం, ఎండ, వీధికుక్కలు — ఇవన్నీ మాటలతో తొలగేవి కావు. అయితే ఇందులో ఏది అడ్డు వస్తున్నదో తెలిసేది మాత్రం మాటల వల్లనే.

కొత్తగా శ్రమ ప్రారంభించేవారు, ముఖ్యంగా గుండెజబ్బు, పక్షవాతం వచ్చినవారు, తమ వైద్యుని అనుమతితోనే ప్రారంభించవలెను. రక్తపోటు, మధుమేహం, రక్తం పలుచబడే మందులు సొంతంగా మానరాదు. భోజనం చేసిన వెంటనే, విపరీతమైన దగ్గు, ఆయాసం ఉన్నప్పుడు వ్యాయామం చేయరాదని మన శాస్త్రమూ చెప్పింది. నడిచేటప్పుడు ఛాతీలో నొప్పి, బరువు, తల తిరగడం, మామూలుకు మించిన ఆయాసం కలిగితే వెంటనే ఆపి వైద్యసహాయం పొందాలి. హఠాత్తుగా మూతి వంకర పోవడం, చేయి పడిపోవడం, మాట తడబడడం కనిపిస్తే తైలాలు, కషాయాలతో కాలయాపన చేయక తక్షణం పెద్ద ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. రక్తపుగడ్డను కరిగించే మందు సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపలే ఇవ్వవలసి ఉంటుంది.

అలవాట్లను మార్చుకునేటప్పుడు పాదాంశిక క్రమాన్ని, అనగా పావు పావు వంతుగా మార్చుకుంటూ పోవడాన్ని, చరకుడు ఉపదేశించాడు. కుర్చీకి అలవాటుపడిన రోగికి ఒక్కసారిగా అరగంట నడక చెప్పడం ఆ క్రమానికి విరుద్ధం.

మాస్టారి ఇంటికి వెళ్ళిన రోజు

ఆయన రావడం లేదు కనుక నేనే వెళ్ళాను. నాడి చూడలేదు, నడక మాట ఎత్తలేదు. “మాస్టారూ, ఆ రోజు నేను మాట్లాడిన తీరు మీకు ఎలా అనిపించింది?” అని అడిగాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. “నిజం చెప్పమంటారా?” అన్నారు. చెప్పమన్నాను. “ముప్పై ఆరేళ్ళు పిల్లలతో నేనూ అలాగే మాట్లాడానండీ. వినేవాడికి ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది” అన్నారు.

ఆ తరువాత ఏమి కావాలని అడిగితే, పెరట్లో తులసికోట దాకా తానే వెళ్ళి చెంబెడు నీళ్ళు పోయాలని ఉన్నదన్నారు. గోడ పట్టుకొని, భార్య తోడుగా, మధ్యాహ్నం ఎవరూ చూడని వేళ నడుస్తానన్నారు. మొదటి వారం రోజుకు రెండుసార్లు చాలునని ఆయనే నిర్ణయించారు. వీధి మెట్టుకు కుమారుడు ఇనుప కమ్మీ పెట్టించాడు. కొన్ని నెలలకు సాయంత్రం వీధిలోకి కూడా వస్తున్నారు. ఎవరైనా నమస్కరిస్తే ఎడమచేయి గుండెల మీద ఉంచి తల వంచుతున్నారు. పాఠశాల వైపు మాత్రం ఇంకా వెళ్ళరు. వెళ్ళమని నేను చెప్పలేదు. ఎప్పుడు వెళ్ళాలనిపిస్తే అప్పుడు నాకు చెబుతానన్నారు.

మీ ఇంట్లో కోలుకుంటున్నవారు ఉంటే, ఈ రోజు ఎన్ని అడుగులు వేశారని అడిగే ముందు, నిన్న మనం చెప్పిన మాట ఎలా అనిపించిందని అడగండి. జవాబు రావడానికి కొంచెం ఆలస్యం కావచ్చును. అంతవరకు తొందరపెట్టక పక్కన కూర్చోండి.